లైబ్రరీకి నిధులు కావాలంటే ఎవరి తలుపు కొట్టాలి?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో ఒక మునిసిపల్ పట్టణం. ఊరి పేరు, నా పేరు వేయొద్దు. నేను ఇంట్లో ట్యూషన్లు చెప్తాను. మా వీధి చివర శాఖా గ్రంథాలయం ఉంది. రెండేళ్లుగా స్లాబు కారుతోంది, వాన పడితే బీరువాల మీద పట్ట కప్పుతారు. లైబ్రేరియన్ మేడమ్‌కి ఇంకో ఊరి లైబ్రరీ కూడా ఇన్‌ఛార్జి ఇచ్చారు కాబట్టి ఇక్కడ వారానికి మూడు రోజులే తెరుస్తున్నారు. ఎనిమిది పేపర్లు వచ్చేవి, ఇప్పుడు మూడు. మునిసిపాలిటీలో అడిగితే “అది గ్రంథాలయ సంస్థది, మాకేం సంబంధం” అంటారు. సంస్థ ఆఫీసుకు పోతే “మీ మునిసిపాలిటీ సెస్ బకాయి కట్టలేదు, మేమెక్కడి నుంచి తెచ్చేది” అంటారు. అక్కడ చదువుకునే పిల్లలతో మూడు వందల సంతకాలు చేయించి అర్జీ ఇచ్చాం. ఉలుకూ పలుకూ లేదు. వీధిలో వాళ్లని కదిలిస్తే “అన్నీ ఫోన్లోనే వస్తాయి కదమ్మా, ఇంక లైబ్రరీ ఏంటికి?” అని నవ్వేస్తున్నారు. మా ఆయనేమో “నలుగురి దగ్గర చందా వేసి నువ్వే రిపేరు చేయించు, పీడా పోతుంది” అంటున్నారు. జనాన్ని దీని వెనక నిలబెట్టడం ఎట్లా?

సమాధానం:

ముందు ఒక పని చేయండి. లైబ్రరీ గుమ్మం దగ్గర బల్ల మీద హాజరు రిజిస్టరు ఉంటుంది, పెన్నుకు దారం కట్టి ఉంటుంది చూడండి, అది. మేడమ్‌ని అడిగి నాలుగు పేజీలు తిరగేయండి. పేరు, సంతకం తర్వాత ఊరు రాసే గడి ఉంటే దాని మీద వేలు పెట్టి కిందికి చదువుకుంటూ రండి. మీ జిల్లాలో నేను చూసిన చాలా రీడింగ్ రూముల్లో పొద్దున్నే వచ్చి కూచునేది డీఎస్సీకి, గ్రూప్స్‌కి, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే పిల్లలు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి రూములు తీసుకుని ఉంటారు, లేకపోతే పొద్దున బస్సుకి వచ్చి సాయంత్రం బస్సుకి పోతారు. మీ మూడు వందల సంతకాల్లో ఎక్కువ వీళ్లవే అయ్యుంటాయి.

వాళ్లకు ఆ లైబ్రరీ ప్రాణం, అందులో అనుమానం లేదు. కానీ అర్జీ అందుకున్న ఆఫీసర్ వైపు నుంచి చూడండి. ఈ పిల్లలకు ఓటు వాళ్ల పల్లెలో ఉంది. మీ ఊళ్లో ఇంటి పన్ను కట్టరు. ఉద్యోగం వస్తే వెళ్లిపోతారు, రాకపోతే కూడా ఒకటి రెండేళ్లకు వెళ్లిపోతారు. వార్డులో ఎవరికీ వాళ్లు లెక్కలోకి రారు. అన్యాయమే, కాదనను. అయినా మీ అర్జీ బీరువాలోకి పోవడానికి కారణం అదేనని నా అనుమానం.

2008లో అమెరికాలో ఓసీఎల్‌సీ అనే గ్రంథాలయాల సహకార సంస్థ ఈ విషయం మీదే ఒక పెద్ద అధ్యయనం చేయించింది. అక్కడ చాలా ఊళ్లలో లైబ్రరీకి పన్ను పెంచాలా వద్దా అనేది జనమే ఓటేసి తేలుస్తారు. అందుకని ఎవరు ఓటేస్తారు, ఎందుకేస్తారు అని అడిగి చూశారు. లైబ్రరీకి ఎన్నిసార్లు పోతారన్న దానికీ, దానికి డబ్బు ఇవ్వడానికి ఒప్పుకుంటారా అన్న దానికీ సంబంధం చాలా తక్కువని తేలింది. లైబ్రరీ వల్ల మనుషుల బతుకులు మారతాయని నమ్మినవాళ్లు మద్దతిస్తున్నారు. వాళ్లు తరచూ లోపలికి అడుగుపెట్టేవాళ్లే కానక్కర్లేదు. లైబ్రేరియన్ మీద మంచి అభిప్రాయం ఉన్నవాళ్లలో మద్దతు ఇంకా గట్టిగా ఉందని కూడా తేలింది. అమెరికా సంగతులు మన దగ్గర యథాతథంగా నప్పవు గానీ, ఈ రెండు మాటలు మాత్రం మీ వీధికి అచ్చంగా నప్పుతాయి. మీరు ఇన్నాళ్లూ లోపల కూచున్నవాళ్ల సంతకాలు తీసుకున్నారు. ఇప్పుడు వెళ్లాల్సింది బయట ఉన్నవాళ్ల దగ్గరికి, అంటే ఆ వీధిలో సొంత ఇల్లున్న వాళ్ల దగ్గరికి. నవ్వేసిన వాళ్ల దగ్గరికే.

వాళ్ల దగ్గరికి పుస్తకాల గొప్పతనం చెప్పడానికి వెళ్లొద్దు. పుస్తకం గొప్పదని ఎవరూ కాదనరు. తలూపి, టీ ఇచ్చి, మర్చిపోతారు. చేతిలో మీ ఇంటి పన్ను రసీదు పట్టుకుని వెళ్లండి.

ఆ రసీదు సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ పనంతా దాని మీదే నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960 నాటిది. దాని ప్రకారం పంచాయతీ గానీ, మునిసిపాలిటీ గానీ, కార్పొరేషన్ గానీ ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్ వసూలు చేయాలి. ఇప్పుడది రూపాయికి 8 పైసలు. ఆస్తి పన్ను 2,000 రూపాయలు ఉంటే 160 రూపాయలు లైబ్రరీ సెస్ అన్నమాట. వసూలు చేసిన సెస్‌ని స్థానిక సంస్థ తన దగ్గర ఉంచుకోవడానికి లేదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. రెగ్యులర్ సిబ్బంది జీతాలకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. పేపర్లు, పుస్తకాలు, అద్దెలు, కరెంటు బిల్లు, చిన్నాచితకా రిపేర్లు లాంటివి చాలా వరకు ఈ సెస్ మీదే ఆధారపడి ఉంటాయి. మీ దగ్గర ఎనిమిది పేపర్లు మూడు కావడానికీ, స్లాబు అట్లాగే కారుతుండడానికీ మూలం ఎక్కడుందో ఇప్పుడు ఊహించుకోవచ్చు.

కాబట్టి మునిసిపాలిటీవాళ్లు “మాకేం సంబంధం” అనడం తప్పు. సంబంధం ఉంది, అదీ చట్టం రాసిన సంబంధం.

పక్క రాష్ట్రాలతో పోలిస్తే మన సెస్ తక్కువేం కాదు. తమిళనాడులో రూపాయికి 10 పైసలు, కర్ణాటకలో 6, కేరళలో 5. కేరళ లైబ్రరీల గురించి దేశమంతా చెప్పుకుంటుంది, వాళ్ల సెస్ మనకన్నా తక్కువ. అక్కడ ఊరూరా లైబ్రరీని సభ్యులు ఎన్నుకున్న కమిటీ నడుపుతుంది. పేపరు రాకపోతే ఎందుకు రాలేదని అడిగే మనిషి వీధిలోనే ఉంటాడు. మన దగ్గర చట్టం బాగానే ఉంది, అడిగే మనిషే లేడు. మీరు తయారు చేయాల్సింది ఆ మనుషుల్ని. పెద్ద ఉద్యమం అక్కర్లేదు, ఇల్లున్నవాళ్లు ఒక ఇరవై మంది చాలు.

ఇంటికి వెళ్లినప్పుడు ఆ ఇంటివాళ్ల రసీదే బయటికి తీయమనండి. ఆన్‌లైన్లో కట్టినా, వార్డు సచివాలయంలో కట్టినా వివరాలుంటాయి. లైబ్రరీ సెస్ అన్న గడి చూపించండి. “ఏటా ఇంత కడుతున్నారన్నా, మీకు తెలుసా?” అని అడగండి. నూటికి తొంభై మందికి తెలియదు. ఇల్లు పెద్దదైతే, వ్యాపారం గదులుంటే, ఆ గడిలో అంకె చూసి వాళ్లే ఉలిక్కిపడతారు. అప్పటిదాకా మీ గోలగా ఉన్నది ఆ క్షణంలో వాళ్ల లెక్క అయిపోతుంది.

ఇక్కడ ఒక గుంట ఉంది, చూసుకుని నడవాలి. రసీదు చూపించాక నోరు జారి “మన డబ్బు తినేస్తున్నారన్నా” అన్నారనుకోండి, ఎదుటి మనిషి రెండు దారుల్లో ఒకటి పడతాడు. “అయితే ఈ సెస్ తీసేయమందాం, ఏంటికి కట్టాలి?” అంటాడు, అది లైబ్రరీకే చేటు. లేకపోతే మీ మాట పట్టుకుని ఎదుటి పార్టీవాళ్ల మీద మొదలుపెడతాడు, ఇంక లైబ్రరీ గాలికి పోతుంది. పైగా తినేశారని మీ దగ్గర రుజువు లేదు. చాలా మునిసిపాలిటీల్లో జరిగేది వేరు. పన్ను డబ్బంతా ఒకచోటికి వస్తుంది. పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, నీళ్ల మోటార్ల రిపేర్లు, ఎండాకాలం వస్తే ట్యాంకర్లు, ఇవన్నీ నెత్తిన కూచుని ఉంటాయి. లైబ్రరీ సెస్ కట్టలేదని ఎవరూ కమిషనర్ ఛాంబర్ ముందు కుండలు పగలగొట్టరు, నీళ్లు రాకపోతే పగలగొడతారు. అందుకని సెస్ వెనక్కి పోతూ ఉంటుంది, బకాయి పేరుకుంటుంది. ఇది సమర్థన కాదు, కానీ ఇది తెలిసి మాట్లాడితే ఆఫీసులో మీ మాట వింటారు. “దొంగలు” అని మొదలుపెడితే వినరు.

కాబట్టి వీధిలో మీ మాట ఇట్లా ఉండాలి: “మనం కట్టాం. అది సంస్థకు చేరిందా లేదా కాగితం మీద చూద్దాం.” అంతే. కాగితం తెప్పించడానికి సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో పంచాయతీ స్థాయిలో దరఖాస్తుకు ఫీజే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. మునిసిపాలిటీకి 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జత చేయండి. అడిగేటప్పుడు “సెస్ ఎందుకు కట్టలేదు” అని రాయొద్దు. ఎందుకు అనేది సమాచారం కిందికి రాదని తిప్పి పంపేస్తారు. గడిచిన మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఆస్తి పన్ను డిమాండ్ ఎంత, వసూలైంది ఎంత, అందులో గ్రంథాలయ సెస్ ఎంత, ఏ తేదీన ఎంత జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేశారు, ఇంకా ఎంత బాకీ ఉంది అని ఏడాదివారీగా అడగండి. అదే రోజు గ్రంథాలయ సంస్థకు ఇంకో దరఖాస్తు పెట్టి, మీ మునిసిపాలిటీ నుంచి ఏ తేదీన ఎంత వచ్చింది, మీ శాఖా గ్రంథాలయం మీద ఎంత ఖర్చు పెట్టారు అని అడగండి. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూస్తే మీరు వాదించాల్సిన పని ఉండదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోతే మొదటి అప్పీలు.

దరఖాస్తు మీ ఒక్కరి పేరుతో వేయొద్దు. ట్యూషన్లు చెప్పుకునే మనిషి, రేపు ఎవరో వచ్చి “ఎందుకమ్మా నీకీ గొడవ” అంటే ఇంట్లో టెన్షన్. వీధిలో రిటైరైన ఉద్యోగి ఎవరో ఒకరు ఉంటారు. ట్రెజరీలోనో, రైల్వేలోనో, ఆర్టీసీలోనో చేసి వచ్చి ఉంటాడు, ఆఫీసు కాగితం భాష తెలిసి ఉంటుంది, పొద్దున్నే పేపరు చదవకపోతే కాలూ చేయీ ఆడదు. ఎనిమిది పేపర్లు మూడయ్యాయన్నప్పుడు ఎక్కువ మండింది ఆయనకే. ఆయన్ని ముందు పెట్టండి. ఆయన కాకుండా ఇంకొకరు, అదీ ఆయన అభిమానించే పార్టీకి అవతలి పార్టీ మనిషి. జిల్లా గ్రంథాలయ సంస్థ చైర్మన్ పదవి ప్రభుత్వం నామినేట్ చేసేది, ప్రభుత్వం మారితే ఆయనా మారతాడు. మీ గుంపు ఒక రంగు పూసుకుందంటే అయిదేళ్లకోసారి మొదటికొస్తుంది.

ఇప్పుడు అడగడం సంగతి. “గ్రంథాలయాలకు నిధులు పెంచాలి” అన్నది అర్జీలో రాయడానికి బాగుంటుంది, అధికారికి చేయడానికి పనేమీ ఉండదు. మీరు ఒక్కటే అడగండి: స్లాబు. అనంతపురం జిల్లాకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా అంతంత మాత్రం, మిగతా నెలల కన్నా ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లో పడుతుంది. ఇంత తక్కువ వాన పడే చోట కూడా పుస్తకాలు తడుస్తున్నాయంటే అది వాన తప్పు కాదని ఎవరికైనా అర్థమవుతుంది. ఆగస్టు లోపల స్లాబు రిపేరు అని తేదీ పెట్టి అడగండి. మునిసిపల్ ఇంజినీరింగ్ వాళ్ల చేత ఒక అంచనా వేయించగలిగితే ఇంకా మంచిది, అంకె లేని అర్జీని పక్కన పెట్టడం సులువు. సెస్ బకాయి అంకె పక్కన రిపేరు అంచనా అంకె పెట్టి చూపించండి. చాలాసార్లు బకాయిలో చిన్న ముక్కతోనే రిపేరు అయిపోతుంది, ఆ సంగతి మీరు నోటితో చెప్పకుండానే కనిపిస్తుంది.

ఇది తీసుకుని కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లొచ్చు. అర్జీకి నంబరు ఇస్తారు, దాన్ని పట్టుకుని వెంటపడొచ్చు. అంతకు ముందు మీ కౌన్సిలర్‌ని, పాలకవర్గం లేకపోతే స్పెషల్ ఆఫీసర్‌ని ఒకసారి లైబ్రరీకి తీసుకొచ్చి ఆ పట్ట కప్పిన బీరువాలు చూపించండి. మిమ్మల్ని దాటి పైకి పోయారన్న మాట రాకుండా ఉంటుంది. భవనం పూర్తిగా కొత్తది కట్టాల్సి వస్తే ఎంపీ ల్యాడ్స్ ఉంది. ఎంపీకి ఏడాదికి 5 కోట్లు ఉంటాయి, ప్రజా గ్రంథాలయ భవనానికి అందులోంచి అడగొచ్చు. కానీ ఇప్పుడే అక్కడిదాకా పోవద్దు. కొత్త భవనానికి శంకుస్థాపన రాయి వేసి, పాత దాని రిపేరు ఆపేసిన సందర్భాలు ఉంటాయి. ఆ రాయి అట్లాగే ఉంటుంది.

మీ ఆయన సలహాకి వస్తాను. చందాలతో లైబ్రరీ లేచిన మంచి ఉదాహరణ మన సీమలోనే ఉంది. కడపలో సి.పి. బ్రౌన్ ఉన్న బంగళా పాడుబడిపోతే, ఆ చోట బ్రౌన్ పేరు మీద గ్రంథాలయం కట్టాలని జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుబట్టి, దాతల దగ్గర చేయి చాచి కట్టించారు. ఆయన పట్టుదల లేకపోతే అది లేదు. అయినా తర్వాత దాన్ని యోగి వేమన విశ్వవిద్యాలయం కిందికి తెచ్చారు. కట్టడం ఒక్కసారి ఖర్చు, నడపడం ఏటేటా ఖర్చు, దానికి ఒక సంస్థ అండ కావాలి. మీ ఊళ్లో ఆ సంస్థ ఇప్పటికే ఉంది, దానికి డబ్బు కూడా చట్టం చూపించింది. మీరు చందా వేసి స్లాబు వేయించారనుకోండి, మునిసిపాలిటీలో ఎవరో “వాళ్లే చేసుకుంటున్నారు కదా” అంటారు. వచ్చే ఏడు కిటికీ పగిలితే కూడా మీ గుమ్మం ముందుకే వస్తుంది. మీ ఆయన చెప్పిన పీడా పోదు, ఇంటికి వస్తుంది. పైగా ఇల్లున్నవాళ్లు ఒకసారి సెస్ కట్టి ఇంకోసారి చందా కట్టినట్టవుతుంది, ఆ సంగతి రసీదు చూశాక వాళ్లే అంటారు.

అట్లాగని ఎవరైనా ఇస్తామంటే వద్దనక్కర్లేదు. ఒక పేపరుకు ఏడాది చందా కట్టమనండి. మీ ఊళ్లో ఉర్దూ, కన్నడం చదివేవాళ్లుంటే ఆ పేపరు ఒకటి కట్టమనండి, ఆ పేపరు కోసం ఇప్పటిదాకా రాని మనిషి వస్తాడు. పుస్తకాల విరాళం అని మాత్రం బోర్డు పెట్టొద్దు. బోర్డు పెట్టిన వారానికి సంచుల్లో పాత సిలబస్ గైడ్లు, చెదలు పట్టిన వారపత్రికలు, పెళ్లిలో పంచిన భక్తి పుస్తకాలు వచ్చి పడతాయి. వాటిని వద్దంటే ఇచ్చినవాళ్లకు కోపం. కావలసిన పుస్తకాల పట్టీ రాసి, అందులోంచి కొనిమ్మని అడగండి.

“అన్నీ ఫోన్లోనే వస్తాయి” అన్నవాళ్లతో వాదనకు దిగొద్దు, గెలిచినా లాభం లేదు. వాళ్లు చెప్పింది సగం నిజమే కూడా. సమాచారం ఫోన్లో వస్తుంది. కూచునే చోటు రాదు. రెండు గదుల ఇంట్లో టీవీ ఒక గదిలో, వంట ఇంకో గదిలో నడుస్తుంటే పదో తరగతి పిల్ల ఎక్కడ కూచుని చదవాలి? అనంతపురంలో, కర్నూల్లో, నంద్యాల బ్యాంకు కోచింగుల చుట్టుపక్కల స్టడీ హాళ్లు ఎందుకు పుట్టుకొచ్చాయి? ఒక కుర్చీ, ఒక లైటు, కాస్త నిశ్శబ్దం, వీటికి నెలనెలా డబ్బు కడుతున్నారు. ఫోన్ చాలనుకుంటే ఎవరూ కట్టరు. ఈ మాట మీరు చెప్పడం కన్నా, ఆ వీధిలోనే స్టడీ హాలుకు డబ్బు కడుతున్న పిల్లాడి తండ్రి చెప్తే వింటారు. ఆయన్ని వెతికి పట్టుకోండి.

ఇంకా దగ్గరి దారి చిన్నపిల్లలు. మీకు ట్యూషన్లున్నాయి, ఇంతకన్నా ఏం కావాలి. మీ సరిహద్దు అవతల కర్ణాటకలో పంచాయతీ లైబ్రరీల్లో ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఉచిత సభ్యత్వం ఇచ్చే కార్యక్రమం పెట్టారు, ‘ఓదువ బెళకు’ అని. అందులో తెలివైన సంగతేమంటే, పిల్ల చేతిలో పుస్తకం ఇంటికి వచ్చిందంటే లైబ్రరీ ఆ ఇంట్లోకి వచ్చినట్టే. మీ ట్యూషన్ పిల్లల్ని సొంత ఇల్లున్నవాళ్ల పిల్లలు, అద్దెకున్నవాళ్ల పిల్లలు అని చూడకుండా అందర్నీ సభ్యులుగా చేర్పించండి. వారానికోసారి ట్యూషన్ లైబ్రరీలోనే పెట్టండి, మేడమ్ ఒప్పుకుంటే. వేసవి సెలవుల్లో గ్రంథాలయాల్లో విజ్ఞాన శిబిరాలు ఎట్లాగూ పెడతారు. మీ శాఖలో కూడా పెట్టమని మార్చిలోనే అడిగి ఉంచండి.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు వస్తాయి. మామూలుగా ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఫొటోలకు దండలు, వేదిక మీద ఏడుగురు, కింద స్కూలు నుంచి తోలుకొచ్చిన పిల్లలు, ఉపన్యాసం అయ్యేసరికి సగం మంది నిద్ర. ఈసారి ఒక్క సాయంత్రం మీకు ఇవ్వమని అడగండి. పిల్లలు చదివిన కథ ఒకటి వాళ్లే చెప్పాలి, కింద కుర్చీల్లో వాళ్ల అమ్మానాన్న, అవ్వాతాత ఉండాలి. మనవరాలు కథ చెప్తుంటే రాని తాత ఉండడు. రీడింగ్ రూములో చదివి ఉద్యోగం కొట్టినవాళ్లుంటే ఒకరిద్దర్ని పిలిచి రెండు నిమిషాలు మాట్లాడమనండి. ఆ అమెరికా అధ్యయనంలో “బతుకులు మారతాయని నమ్మినవాళ్లు” అన్నది ఇదే. అర్జీ మీద మూడు వందల సంతకాలు చేయలేని పనిని, ఇక్కడ చదివి టీచరైన ఒక్క అమ్మాయి రెండు నిమిషాల్లో చేస్తుంది. ఉపన్యాసాలు పెట్టకపోతే ఎట్లా అని ఎవరైనా అడిగితే, నా పేరు చెప్పి తిట్టించుకోండి.

మేడమ్ సంగతి మర్చిపోవద్దు. మూడు రోజులే తెరుస్తున్నారన్న కోపం చివరికి ఆమె మీదికే పోతుంది, ఎందుకంటే కళ్ల ముందు కనిపించేది ఆమె. రెండు లైబ్రరీలు ఒక మనిషి మీద వేస్తే ఆమె మాత్రం ఏం చేస్తుంది. అర్జీలో ఎక్కడా ఆమె మీద ఫిర్యాదులా అనిపించే వాక్యం ఉండకూడదు. “ఇన్‌ఛార్జి బాధ్యతల వల్ల” అని రాయండి చాలు. ఆమె ఉద్యోగి, పై అధికారుల మీద బహిరంగంగా మాట్లాడలేదు. మీరు మాట్లాడగలరు. కానీ రోజుకు ఎంతమంది వస్తున్నారు, ఎన్ని పుస్తకాలు ఇంటికి తీసుకెళ్తున్నారు అన్న లెక్క ఆమె దగ్గరే ఉంది. ఆ రిజిస్టరు సరిగ్గా నింపించండి. తలుపు దగ్గర సంతకం చేయకుండా లోపలికి పోయే పిల్లల్ని మీరే మందలించండి. రేపు సంస్థవాళ్లు “అక్కడికి ఎవరూ రావట్లేదు” అంటే అడ్డం పెట్టడానికి అదొక్కటే ఉంటుంది.

ఇంత గొడవ దేనికి, పెద్దవాళ్లు చేసే పని కదా అనిపిస్తే ఒక్కసారి గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని తలుచుకోండి. 1883లో కర్నూల్లో పుట్టిన మనిషి. 1908లో పత్రికలో రాసినందుకు జైలుకు పోయారు. తర్వాత ఏళ్ల తరబడి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నడిపారు, ఊరూరూ తిరిగి లైబ్రరీలు పెట్టమని చెప్పారు. 1960లో ఆయన పోయారు, మీ రసీదులో సెస్‌కు ఆధారమైన చట్టం కూడా అదే ఏడాదిది. ఆ గడి ప్రభుత్వం తనకు తానుగా గీసి ఇచ్చింది కాదు. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ పెట్టుకున్నప్పటి నుంచి జనం అడుగుతూ వస్తే పడింది.

రెండు దరఖాస్తులూ ఈ వారమే స్పీడ్ పోస్టులో పంపండి, రసీదులు దాచండి. నేరుగా వెళ్లి ఇస్తే కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముప్పై రోజులు దాటి జవాబు రాకపోయినా, వచ్చి అంకెలు ఒకదానికొకటి కలవకపోయినా, కాపీలు నాకు పంపండి. అప్పీలు ఎట్లా రాయాలో కూచుని చూద్దాం.